మాధవాయిపాలెం, మదపోలం: ఊరి పేరే బట్ట పేరు

నరసాపురాన్ని ఆనుకుని వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు మాధవాయిపాలెం. సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కేది ఇక్కడి రేవులోనే. ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో ‘మదపోలం’ అని కనిపించే నూలు బట్టకు ఈ ఊరి పేరే మూలం.

ఊరి పేరులో చిక్కేమీ లేదు. మాధవయ్య పేరిట వెలసిన పాలెం అది. పాలెమంటే మొదట దండు విడిసిన చోటు. తర్వాత చిన్న ఊరనే అర్థం స్థిరపడింది. ఉత్తరాంధ్రలో కొత్తవలస, ఆమదాలవలస పేర్లలోని ‘వలస’లాగే ఇదీ ఊరు పుట్టిన తీరును చెబుతుంది.

17వ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. చుట్టుపక్కల నేతగాళ్లకు బయానా ఇచ్చి తెల్లబట్ట నేయించి, ఓడల్లో ఎగుమతి చేసేది. ఇంజరం, బండమూర్లంక స్థావరాలూ గోదావరి డెల్టాలోనివే. సరుకు ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరి పేరుతో పిలవడం వర్తకుల అలవాటు. కోళిక్కోడ్ నుంచి ‘కాలికో’, ఫ్రాన్సులోని నీమ్ పట్టణం నుంచి ‘డెనిమ్’ అలా వచ్చినవే.

మదపోలం సన్నని నూలుతో ఒత్తుగా, సాదా అల్లికతో నేసే మెత్తని బట్ట. కాలికో కంటే నాజూకు, మస్లిన్ కంటే దిట్టం. పడుగు, పేక సమానంగా ఉండటంతో రంగును అన్ని వైపులా ఒకేలా పీలుస్తుంది. అందుకే అద్దకానికి, కుట్టుపనికి అనువైనది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన ‘మస్కిటో’ కొయ్య విమానాల పైతొడుగు కూడా ఈ బట్టే.

19వ శతాబ్దిలో ఇంగ్లండు మిల్లులు ఈ రకాన్ని యంత్రాలపై నేసి భారతదేశానికే ఎగుమతి చేశాయి. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారమే ఆగిపోయింది. గోదావరి తీరం పేరు ఎక్కడ నేసినా చెల్లే ఒక రకం పేరుగా మిగిలింది.

శ్రీకాకుళం జిల్లా పొందూరు కథ వేరు. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి, నేస్తారు. పొందూరు ఖద్దరు పేరు ఊరిని, పనిని అంటిపెట్టుకునే ఉంది. మదపోలం పేరు మాత్రం మగ్గాలను వదిలి మిల్లులకు చేరింది.