మీకు తెలుసా? మన్యం జ్వరం దాక్కునేది ఎర్రకణంలో!

అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట దాటితే మన్యం కొండలు. అక్కడి జ్వరమంటే ఒకప్పుడు మైదానంవాళ్లు హడలిపోయేవారు. అది మలేరియా.

ఒంట్లో దాదాపు ఏ కణానికైనా క్రిమి సోకితే, ఆ కణం తన పైపొర మీద ఒక ఆనవాలు పెడుతుంది. అది చూసే టీ-కణాలు దాన్ని చంపుతాయి. ఎర్రరక్తకణానికి కేంద్రకమే లేదు, ఆ ఆనవాలూ పెట్టలేదు. అందుకే మలేరియా క్రిమికి అది భద్రమైన ఇల్లు. లోపల కూర్చుని హిమోగ్లోబిన్ తింటుంది. మిగిలిన హీమ్ తనకే విషం కనుక దాన్ని ముదురు గోధుమరంగు స్ఫటికాలుగా మార్చేస్తుంది.

ఇలాంటి కణాలను ఏరి మింగే పని ప్లీహంలోని మాక్రోఫేజ్‌లది. పదేపదే జ్వరం తగిలిన పిల్లల ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద గట్టిగా చేతికి తగిలే 'బల్ల' ఉబ్బిన ఆ ప్లీహమే. ఫాల్సిపేరం రకం ఇంకా గడుసుది: ఎర్రకణం మీద బుడిపెలు మొలిపించి, రక్తనాళం గోడకు అతుక్కుని, ప్లీహం వైపే పోదు. అలా మెదడు నాళాల్లో పేరుకుంటే ప్రాణాపాయం.

నాకు అన్నిటికన్నా అబ్బురం ఆ స్ఫటికాలే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని గుర్తుపట్టింది ఆ నల్లటి రేణువులను చూసే.