టికెట్టు లేని అందాలు... టెక్కలి దారిలో!

నీడ వద్దన్న దేవుడు, పురిటికొచ్చే పక్షులు, నూట పాతికేళ్ల రైలుదారి, తెల్లగా మెరిసే ఉప్పు మడులు... ఇవన్నీ ఒక్క రోజులో చూడాలంటే టెక్కలి వెళ్లాల్సిందే!

విశాఖపట్నం నుంచి భువనేశ్వర్ వెళ్లే జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దాటాక వచ్చే ఊరు టెక్కలి. చాలామందికి ఇది బస్సు ఆగితే టీ తాగే ఊరు. కాస్త చరిత్ర తెలిసినవాళ్లకు ఒకప్పటి జమీందారీ. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఇది గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖ జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. అందుకే ఇక్కడి సంతలో తెలుగుతో పాటు ఒడియా కూడా వినిపిస్తుంది. రాజకీయాలు ఇష్టపడేవాళ్లకైతే 1994లో ఎన్టీ రామారావు హిందూపురంతో పాటు గెలిచిన రెండో స్థానం ఇదే!

ఎండలోనే మల్లన్న

ఊరికి దగ్గర్లోనే రావివలస. ఇక్కడి శివుడి పేరు ఎండల మల్లికార్జునుడు. భారీ శివలింగం, పైన ఆకాశం... అంతే! గుడి కట్టబోతే తనకు ఎండే ఇష్టమని స్వామి కలలో చెప్పాడంటారు. రామాయణంలోని సుషేణుడనే వైద్యుడు ఇక్కడి కొండ మీద తపస్సు చేశాడన్నది స్థలపురాణం. ఆ గాలి సోకితే జబ్బులు నయమవుతాయని భక్తుల నమ్మకం. కార్తీక సోమవారాల్లో శ్రీకాకుళం జిల్లా నుంచే కాదు, ఒడిశా నుంచీ జనం తరలివస్తారు.

రాజుగారి చిన్న రైలు

పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి తన పట్టణాన్ని మద్రాసు-కలకత్తా ప్రధాన మార్గంతో కలపాలనుకున్నారు. అలా 1900లో నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి రైలు నడిచింది. రెండు పట్టాల మధ్య దూరం కేవలం రెండున్నర అడుగులు! 1931 నాటికి దారి గుణుపురం దాకా సాగింది. ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయింది. ఆ తర్వాత బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది. చిన్న రైలు పోయినా దారి మాత్రం నిలిచింది. ఇప్పటికీ ఆ పల్లెల వాళ్లను పట్నం చేర్చేది అదే.

మడుల్లో పండే తెలుపు

నౌపడా పేరు చెప్పగానే ఈ ప్రాంతం వాళ్లకు గుర్తొచ్చేది ఉప్పే. ఉప్పునీటిని చిన్న చిన్న మడుల్లోకి పారిస్తారు. ఎండకు నీరు ఆవిరై, అడుగున కల్లుప్పు తేలుతుంది. దాన్ని చెక్కపలకలతో గట్టుకు లాగి కుప్పలు పోస్తారు. వాన కురిసిందా... రోజుల కష్టం కరిగిపోయినట్టే! అందుకే ఇక్కడి కూలీలకు మబ్బంటే గుబులు. మండుటెండే వాళ్లకు కూడు పెడుతుంది.

అతిథులా? ఆడపడుచులా?

ఇక తేలినీలాపురం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు, రంగురంగుల ఈకల పెయింటెడ్ స్టార్క్‌లు గుంపులుగా దిగుతాయి. ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని పొదిగి, మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్లిపోతాయి. వాటిని పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు ఊరివాళ్లు. అవి రాకపోతే ఆ ఏడు మంచిది కాదని పెద్దల మాట.

ఇవి సైబీరియా నుంచి వస్తాయన్నది ప్రచారం. నిజానికి ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. చలికాలంలో సైబీరియా నుంచి వచ్చే వలసపక్షులు ఇక్కడ గుడ్లు పెట్టవు. మరి ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగే వీటిని విదేశీ అతిథులని ఎలా అనగలం? ఊరివాళ్లు పిలిచే ఆడపడుచు అన్న మాటే సరైంది!

అందుకే బాధ్యత కూడా మనదే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. 2021-22 శీతాకాలంలో తేలినీలాపురంలో పరాన్నజీవుల బెడదకు గూడబాతులు చనిపోయాయి. ఆ పక్షులకు గూటికి చెట్టు కావాలి, పిల్లలకు పెట్టడానికి నౌపడా చిత్తడి నేలల్లో చేప కావాలి. ఆ దాపునే మూలపేటలో 2023లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఇంకోవైపు టెక్కలి నీలి గ్రానైట్‌కు విదేశాల్లో గిరాకీ ఉంది. రేవు వస్తే ఉపాధి వస్తుంది, రాయి అమ్మితే డబ్బొస్తుంది. కానీ ఎండిన చిత్తడి నేల, తవ్విన కొండ తిరిగి రావు. ఇక్కడివాళ్లు రెండింటినీ తూచి చూసుకోవాల్సిన రోజులివి.

ఇలా వెళ్లొచ్చు

శ్రీకాకుళం నుంచి టెక్కలికి బస్సులున్నాయి. రైల్లో వచ్చేవాళ్లు నౌపడా జంక్షన్‌లో దిగొచ్చు. రావివలస, తేలినీలాపురం రెండూ ఆటోలో తిరిగి రాగలిగే దూరమే. కార్తీకంలో వెళితే మల్లన్న దర్శనం, పక్షుల సందడి రెండూ దక్కుతాయి. ఉప్పు మడులు చూడాలంటే మాత్రం వేసవిలో ఇంకోసారి రావాలి. పిల్లల్ని తీసుకెళ్తే ఒక్క మాట చెప్పండి... గూళ్ల కింద కేకలు వేయొద్దు, రాళ్లు విసరొద్దు. పురిటింట్లో గోల చేయకూడదు కదా!