ఇంటిలో చిన్న సముద్రము

కృష్ణవేణి హంసలదీవి వద్ద సాగరసంగమ మొందుచున్నను, వరదలకాలమున ఆ తీరజలములయందలి ఉప్పుదనము పలుచబడును గనుక, బెజవాడలో ఉప్పునీటి చేపలను పెంచఁగోరువారు శుద్ధజలమున సముద్రలవణ మిశ్రమమును లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలిపికొనుటయే మేలు. చేపల విసర్జనములనుండి పుట్టు విషప్రాయమైన అమ్మోనియాను సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. అవి రాళ్లపైనను ఇసుకలోను నెలకొనుటకు కొన్ని వారములు పట్టును గావున అంతవరకు చేపలను విడువరాదు. మన వేసవి యెండ 40 డిగ్రీలు దాటినను, తొట్టినీరు 26 డిగ్రీల చేరువనే యుండవలెను. నీ రావిరియైనకొలఁది అంచున తెల్లని ఉప్పుపొర పేరుకొనును, లోపలి నీరు చిక్కనగును; కావున ఆ తరుగును ఉప్పులేని శుద్ధజలముతోనే పూరింపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్న సముద్రపు గుఱ్ఱములను, పగడములను కోరక, పెంపకమున పుట్టిన క్లౌన్ చేపల జంటతో తృప్తి నొందుటయే సముద్రమును ప్రేమించువారికి ధర్మము.