దిగుమతి పాలపొడి: రేవునందలి పరీక్షయు, బజారునందలి పరీక్షయు

ఓడలమీఁద వచ్చు ఆహారపదార్థములను రేవునందే పరీక్షింపవలసిన యగత్యమెంతయో 2008వ సంవత్సరమున చైనాదేశమునందు జరిగిన సంగతివలన తేటపడినది. అచట పాలలో నీళ్లు కలిపి, ఆ పలుచదనము పరీక్షలో బయటపడకుండుటకై మెలమైను అను తెల్లని పొడిని చేర్చిరి. అది ప్లాస్టిక్కు సామాను తయారునం దుపయోగించు ద్రవ్యము, ఆహారము కాదు. ఆ పాలపిండి త్రాగిన శిశువులలో సుమారు 3 లక్షలమంది జబ్బుపడిరి. అనేకులకు మూత్రపిండములలో ఱాళ్లు పుట్టినవి. 6గురు శిశువులు మరణించినట్లు ఆ దేశప్రభుత్వమే ప్రకటించెను.

ఇట్టి మోసము పరీక్షలకు చిక్కకపోవుటకుఁ గల కారణమును ఉద్యోగులు తెలిసికొనుట మంచిది. పాలలోని మాంసకృత్తులను లెక్కించుటకు 1883లో కెల్‌డాల్ అను రసాయనజ్ఞుఁడు కనిపెట్టిన పద్ధతి విరివిగా వాడుకలో నున్నది. దానివలన తెలియునది నత్రజని యొక్క పరిమాణమే. దానినిబట్టి మాంసకృత్తులు ఇంత యని గణింతురు. పాల మాంసకృత్తులలో నత్రజని నూటికి సుమారు 16 పాళ్లు. మెలమైనులో 66 పాళ్లు. కావున కొంచెము మెలమైను పడిన నీళ్లపాలు చిక్కనిపాలుగా లెక్కకు వచ్చెను. మెలమైనును కనుఁగొనుటకు వేఱు పరికరములు, వేఱు పరీక్ష కావలెను.

భారతప్రభుత్వము 2008 సెప్టెంబరులో చైనా పాలను, పాలపదార్థములను దిగుమతి చేయరాదని నిషేధించి, ఆ నిషేధమును పలుమాఱులు పొడిగించెను. రేవులయందలి ప్రయోగశాలలన్నియు మెలమైనును పరీక్షింపఁగల స్థితికి వచ్చువఱకు నిషేధము సాగునని 2019లో నుత్తరువైనది. పరికరములు లేనిచోట తలుపు మూయుటకన్న గత్యంతరము లేదని యొప్పుకొనుటయే యిది.

2006వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టమునందలి 25వ సెక్షను హానికరమైన సరకు దిగుమతిని నిషేధించుచున్నది. 2017 నాఁటి నిబంధనల ప్రకారము అధికారి కాగితములను, చీటీలను, సరకును చూచి, నమూనాను రెండు భాగములుగా తీయును. ఒకటి ప్రయోగశాలకు పోవును, రెండవది వివాదము వచ్చినప్పుడు పనికివచ్చును. అయితే ప్రతి సరకునుండియు నమూనా తీయుట లేదు. అపాయము తోఁచినదానినే యెక్కువగా చూతురు.

అందువలన రేవు దాఁటిన సరకు స్థానికోద్యోగుల బాధ్యత యగును. చిక్కంతయు నిచటనే యున్నది. పెద్ద సంచులతో వచ్చిన పొడిని అంగళ్లలో చిన్నపొట్లములు కట్టి యమ్మునప్పుడు, సంచిమీఁదనున్న బ్యాచి నంబరు, దిగుమతిదారుని చిరునామా, పుట్టినదేశము పొట్లముతో రావు. తరువాత నమూనా చెడ్డదని తేలినను మిగిలిన సరకు ఎవరివద్ద నున్నదో కనుఁగొనుట దుస్సాధ్యము. కావున విడిపొడి నమూనా తీయునప్పుడు మూలపు సంచిని చూపుమని వర్తకుని తప్పక యడుగవలెను. అందలి వ్రాతను ఉన్నదున్నట్లు పంచనామాలో నెక్కించి, సంచి ఖాళీయైనను స్వాధీనపఱచుకొనవలెను. సంచి లేదన్నచో కొనుగోలు బిల్లు నకలునైన తీసికొనవలెను.