జోడీతో ముందే మాట అనుకున్నారా?

పేకాట అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. వాళ్ళ కోపం డబ్బులు పెట్టి ఆడే రమ్మీ మీద. అందులో అన్యాయమేమీ లేదు. అయితే అవే 52 ముక్కలతో ఆడే బ్రిడ్జి దారి వేరు. అక్కడ అదృష్టం కన్నా ఆలోచనకి, ఆలోచన కన్నా ఎదురుగా కూర్చున్న జోడీతో కుదిరే పొత్తుకి విలువ ఎక్కువ. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జికి తొలిసారి చోటు దొరికింది. ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జంట మన దేశానికి బంగారు పతకం తెచ్చింది. కిరణ్ నాడార్, హేమా దేవరా ఉన్న మిశ్రమ జట్టు కాంస్యం గెలిచింది.

మరి ఆ పొత్తు కుదిరేది ఎలా? ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని చూద్దాం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు, పాతికేళ్ళుగా ఆడుతున్నవాళ్ళు కూడా తడబడే చోటు అది. రెండు సూట్ల ఓవర్‌కాల్!

38 మాటల భాష

బ్రిడ్జిలో నలుగురు ఆడతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. తలా 13 ముక్కలు. ఆటకి ముందు వేలం పాట ఉంటుంది. ఏ జాతి తురుపు, ఎన్ని పట్లు పడతాం అన్నది ఆ పాటలోనే తేలాలి. మనం జాతి అనేదాన్ని అక్కడ సూట్ అంటారు. ఇస్పేటు, ఆఠీను పెద్ద సూట్లు. డైమను, కళావరు చిన్న సూట్లు. తురుపే లేకుండా ఆడితే నో ట్రంప్. ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు, వాటికి ఈ అయిదు పేర్లు కలిపితే 35 పాటలు. పాస్, డబుల్, రీడబుల్ చేర్చుకోండి, మొత్తం 38.

జోడీతో మాట్లాడడానికి మనకున్న భాష ఇంతే. కనుసైగ కూడదు, దగ్గు కూడదు, నిట్టూర్పు అసలే కూడదు. ఇంత చిన్న భాషలో ప్రతి మాటకీ ఇద్దరూ ఒకే అర్థం చెప్పుకోకపోతే ఏమవుతుందో చూడండి.

మీ చేతిలో ఇస్పేటు రాజు, రాణి, 10, 8, 4, ఆఠీను ఆసు, జాకీ, 9, 6, 3, డైమను 7, కళావరు 5, 2 ఉన్నాయనుకుందాం. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కేస్తే 10 పాయింట్లు. ప్రత్యర్థి 'ఒకటి డైమను' అని పాట మొదలుపెట్టాడు. దాని మీద మీరు పాడేదే ఓవర్‌కాల్. ఒకటి ఇస్పేటు అంటే ఆఠీను సంగతి చెప్పినట్టు కాదు. ఆఠీను అంటే ఇస్పేటు దాగిపోతుంది. రెండూ ఒకేసారి చెప్పేదెలా?

అమెరికాలో మయామీ బీచ్‌కి చెందిన మైక్ మైకేల్స్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. ప్రత్యర్థి సూట్‌నే తిరిగి పాడండి, అన్నాడు. 'రెండు డైమను' అంటే నా దగ్గర డైమన్లున్నాయని కాదు, ఇస్పేటు, ఆఠీను రెండూ అయిదేసి ఉన్నాయని అర్థం. మీ జోడీ చేతిలో ఇస్పేటు జాకీ, 9, 7, 2. ఆఠీను రాజు, 5. డైమను 8, 6, 4, 3. కళావరు ఆసు, 6, 4 ఉన్నాయనుకోండి. ఇద్దరివీ కలిపి 40లో 18 పాయింట్లే. అయినా ముక్కలు మరీ వంకరగా పడకపోతే ఇస్పేటు తురుపుతో 10 పట్లు చేతికొస్తాయి!

అదే మీ జోడీ మైకేల్స్ మాట మరిచిపోయి, 'పాపం, ఈమె దగ్గర డైమన్లు బాగా ఉన్నట్టున్నాయి' అనుకుని పాస్ చేస్తే? మీ దగ్గర ఒక డైమను, ఆవిడ దగ్గర నాలుగు. మిగతా ఎనిమిదీ ప్రత్యర్థుల దగ్గర! వాళ్ళ సూట్‌ని తురుపు చేసుకుని మీరు ఆడాలి. ఇక చెప్పేదేముంది?

'మైకేల్స్' అంటే సరిపోదు

"మీరు మైకేల్స్ ఆడతారా?" "ఆడతాను." చాలా జోడీల ఒప్పందం ఇక్కడితో అయిపోతుంది. అసలు ప్రశ్నలు ఆ తర్వాతే మొదలవుతాయి.

ప్రత్యర్థి పెద్ద సూట్ పాడితే? ఒకటి ఆఠీను మీద రెండు ఆఠీను అంటే ఇస్పేటుతో పాటు ఏదో ఒక చిన్న సూట్. అదేదో తెలుసుకోవాలంటే జోడీ ఏం పాడాలి? చాలామంది 'రెండు నో ట్రంప్' అని అడుగుతారు. మీ ఇద్దరూ అదే అనుకున్నారా?

ప్రత్యర్థి పాట మీద మీరే నేరుగా రెండు నో ట్రంప్ అంటే? ఆల్ రోత్ పేరుతో ముడిపడిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎక్కువమందికి దాని అర్థం, ఎవరూ పాడని సూట్లలో కింది రెండూ అని. ఒకటి కళావరు మీద అంటే డైమను, ఆఠీను. ఎప్పుడైనా సరే చిన్న సూట్లు రెండే అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఒక జోడీలో చెరొక రకం ఉంటే కొంప మునిగినట్టే. పైగా ప్రత్యర్థి ఒకటి ఆఠీను అన్నాక వరసగా ఇద్దరు పాస్ చేశాక పాడే రెండు నో ట్రంప్‌కి చాలామంది ఇచ్చే అర్థం వేరు. అక్కడది నాలుగు సూట్లూ సమంగా ఉన్న బలమైన చెయ్యి.

బలం ఎంత? కొందరు బలహీనమైన చేతితోనో, చాలా బలమైన చేతితోనో మాత్రమే పాడతారు. మధ్యరకం ఉంటే రెండు సూట్లనూ ఒకదాని తర్వాత ఒకటి చెబుతారు. ఇంకొందరికి ఆ పట్టింపు లేదు. అయిదూ అయిదూ ఉండి తీరాలా, అయిదూ నాలుగూ అయినా చాలా? ప్రత్యర్థులు రెండే కళావర్లున్నా ఒకటి కళావరు పాడే పద్ధతి వాళ్ళైతే, మన రెండు కళావరు మైకేల్సా, నిజం కళావర్లా?

ఫ్రాన్స్‌కి చెందిన పియెర్ గెస్తెమ్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఆయన పద్ధతిలో రెండు సూట్లూ ఏవో ఒక్క పాటలోనే ఖాయంగా తెలిసిపోతాయి. వినడానికి బ్రహ్మాండం! కానీ అందులో 'మూడు కళావరు' అన్నప్పుడు కళావర్లు లేకపోవచ్చు. ఆ సంగతి జోడీకి సమయానికి గుర్తుండాలి. మరిచిపోవడానికి పేరుపడ్డ పద్ధతి అది. పద్ధతి గొప్పదా కాదా అన్నది తర్వాత, ఇద్దరికీ గుర్తుంటుందా అన్నది ముందు.

తప్పెవరిది?

ముందు అనుకోని మాట బల్ల దగ్గర తేలాలంటే గొంతు పెద్దదున్నవాళ్ళదే న్యాయమవుతుంది. భార్యాభర్తలు జోడీగా ఆడే చోట ఒకసారి నిలబడి చూడండి. "అంత మాత్రం తెలీదూ?" అన్న మాట ఎటు నుంచి ఎటు వెళుతుందో నేను చెప్పక్కర్లేదు. 1929 సెప్టెంబరు 29న అమెరికాలోని కాన్సాస్ సిటీలో జాన్ బెనెట్, మిర్టిల్ బెనెట్ దంపతులు స్నేహితులతో బ్రిడ్జి ఆడారు. నాలుగు ఇస్పేటు కాంట్రాక్టు ఓడిపోయింది. మాటా మాటా పెరిగింది. భర్త చెయ్యి చేసుకున్నాడు. భార్య తుపాకీ తెచ్చి కాల్చింది. అతను చనిపోయాడు. 1931లో జ్యూరీ ఆమెను నిర్దోషి అంది. అది విపరీతమే లెండి. కానీ జోడీని చులకన చేసే మాట ఏ ఇంట్లోనైనా ముక్కలతోపాటు పెట్టెలోకి వెళ్ళిపోదు.

కాగితం మీద ఒప్పందం ఉంటే చర్చ మారిపోతుంది. 'నీకు తెలీదు' అనే మాట పోయి, 'మనం ఇలా రాసుకున్నాం కదా' అనే మాట వస్తుంది. అక్కడ చదువుకున్నావిడ, చదువుకోనావిడ, మొగుడు, పెళ్ళాం అందరూ సమానమే.

రహస్యం మాత్రం కాదు సుమా!

ఈ ఒప్పందాలు జోడీ గుట్టు కాదు. మీ పాటకి అర్థమేమిటని ప్రత్యర్థులు అడిగితే మీ జోడీ ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ జవాబు తప్పైతే మీరు ఉలిక్కిపడకూడదు, మొహంలో ఏమీ కనపడనీయకూడదు. జోడీ సరిగ్గానే అర్థం చేసుకున్నట్టు మీ తర్వాతి పాట ఉండాలి. ఆడే పక్షం మీదైతే పాట ముగిశాక, మొదటి ముక్క పడకముందే డైరెక్టరుని పిలిచి సరిదిద్దాలి. అడ్డుకునే పక్షమైతే ఆట అయ్యాకే. నష్టం వస్తుందని తెలిసీ నోరు కట్టుకోవడం ఎంత కష్టమో ఆడినవాళ్ళకే తెలుసు. బ్రిడ్జిలో పరువు నిలబడేది అక్కడే.

కాబట్టి వచ్చేవారం జోడీతో కూర్చునే ముందు కాఫీ తాగే పావుగంట దీనికి కేటాయించండి. ఏ రెండు సూట్లు, ఎన్నేసి ముక్కలు, ఎంత బలం, అడిగే పాట ఏది, ఎప్పుడు వర్తించదు. ఈ అయిదూ ఒక కాగితం మీద రాసి చెరొక ప్రతి ఉంచుకోండి. ఇద్దరిలో ఒక్కరికి కష్టమనిపించినా ఆ పద్ధతి కొట్టేసి తేలికైనది రాసుకోండి. పొరపాటు జరిగితే బల్ల దగ్గర కాదు, ఇంటికెళ్ళాక ఆ కాగితం తీసి మాట్లాడుకోండి.