అమెరికా హైస్కూలులో పాఠ్యవిషయముల యెన్నిక

మన ఇంటర్మీడియట్ విద్యార్థి ఎం.పి.సి. యనియో బై.పి.సి. యనియో ఒక్కమాట చెప్పి చేరెనా, ఆ రెండేండ్లు ఏమి చదువవలెనో నిర్ణయించు భారము వానికి గాని వాని తలిదండ్రులకు గాని మిగులదు. తరువాతి సంగతి ప్రవేశపరీక్షలోని ర్యాంకు చూచుకొనును. అమెరికాలోని హైస్కూలు విద్యార్థి స్థితి యిట్టిది కాదు. తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు ఏయే విషయములను, ఏ స్థాయిలో, ఏ క్రమమున చదువవలెనో ఏటేట తానే యెన్నుకొనవలెను. ఆ యెన్నిక సైతము, వచ్చిన గ్రేడులతోపాటు, ప్రవేశము దుర్లభమైన కళాశాలల పరిశీలనకు వచ్చును.

ఒకే విషయమునకు సాధారణము, ఆనర్సు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అను స్థాయులు పెక్కు పాఠశాలలలో కలవు. వానిలో కడపటిదానినే అందఱును ఏపీ యందురు. కాలేజ్ బోర్డు అను సంస్థవారు ఏటేట మే నెలలో జరపు ఏపీ పరీక్షలకు 1 నుండి 5 వఱకు అంకెలు వేయుదురు. కొన్నిచోట్ల దీనికి మాఱుగా, 1968లో జెనీవాలో వెలసిన ఇంటర్నేషనల్ బాకలారియేట్ పద్ధతి యున్నది. డిప్లొమా కోరువారు ఆఱు విషయములు చదువుటయే కాక, 4,000 పదములకు మించని యొక పరిశోధనవ్యాసము వ్రాయవలెను.

ఎన్ని ఏపీలు చేసిన చాలునని మన తెలుగు తలిదండ్రులు అడుగు ప్రశ్నకు సమాధానము ఆ పిల్లవాడు చదువు పాఠశాలలోనే యున్నది. కళాశాలకు పంపు దరఖాస్తుతోపాటు, ఆ పాఠశాలలో లభించు కోర్సుల వివరమును, విద్యార్థులకు సలహాలిచ్చు పాఠశాల కౌన్సెలరు పంపును. ఈ విద్యార్థి యెన్నుకొన్న పాఠ్యక్రమము తన తోడివారి వానితో పోల్చినపుడు మిక్కిలి కఠినమైనదా, కఠినమైనదా, సామాన్యమైనదా యని పెక్కు కళాశాలలకు ఉమ్మడిదైన కామన్ అప్లికేషన్ పత్రమున గుర్తుపెట్టుటయు కౌన్సెలరు పనియే. కావున ఆఱు ఏపీలే యున్నచోట ఐదు చదివిన బాలిక, ఇరువదియైదున్నచోట ఎనిమిది చదివిన బాలునికి తీసిపోదు.

గణితమున మాత్రము ముందుచూపు తప్పదు. ఆల్జీబ్రా ఒకటి, జ్యామెట్రీ, ఆల్జీబ్రా రెండు, ప్రీకాల్క్యులస్, ఆపై కాల్క్యులస్ అని మెట్లు వరుసగా నుండుటచే, మొదటి మెట్టును తొమ్మిదవ తరగతిలో నెక్కినవాడు, వేసవి కోర్సు చేసిననో, ఒకే యేట రెండు గణితములు చదివిననో తప్ప, పండ్రెండవ తరగతికి కాల్క్యులస్‌ను చేరలేడు. కాల్‌టెక్ వంటి సంస్థ కాల్క్యులస్, భౌతిక, రసాయనశాస్త్రములను చదివియుండవలెనని కోరును. పాఠశాలలో అవి లేనివారికి వేఱు మార్గము చూపినది. పదునాల్గేండ్లు నిండని వయస్సున, ఇంజనీరింగు మాట యింకను మనస్సున మెదలని బాలుని విషయమున, ఈ నిర్ణయము జరిగిపోవుచుండుట నాకు న్యాయముగా తోఁపదు. అయినను వ్యవస్థ అట్లే యున్నది.

న్యూజెర్సీలోను టెక్సస్‌లోను స్థిరపడిన మనవారి యిండ్లలో, కోర్సుల పత్రము నింపువేళ, “ఇంకా స్పానిష్ ఎందుకురా, దాని బదులు ఇంకో ఏపీ తీసుకో” అను మాట తఱచు వినవచ్చును. ఎం.పి.సి. చదువు నేర్పిన యీ సంస్కారమే అక్కడ చిక్కు తెచ్చిపెట్టును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము అన్యభాష రెండేండ్లు తప్పనిసరి యనియు, మూడేండ్లు మేలనియు చెప్పును. హార్వర్డు వారు ఒకే భాషను నాలుగేండ్లు చదువుట ఉచితమందురు. చరిత్ర, ఆంగ్లము సైతము తేలికవి కావు: అమెరికా చరిత్ర ఏపీ పరీక్షలో ఏడు ఆధారపత్రములు చదివి, వానిలోని పరస్పరవిరుద్ధములైన వాదములను తూచి, గంటలో వ్యాసము ముగింపవలెను. ప్రయోగశాల నివేదికలు కోరు రసాయనశాస్త్రమును, కాల్క్యులస్‌ను పదునొకండవ తరగతిలో దీనికి జోడించిన పిల్లవానికి నిద్ర యెక్కడిది?

గ్రేడుల సగటు పెంచుటకే ఏపీలు పోగుచేయుటయు నొక భ్రమ. సాధారణ కోర్సులో ‘ఏ’ గ్రేడునకు 4 వచ్చు పాఠశాలలో ఏపీకి 5 వచ్చుట సత్యమే. కాని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పది, పదునొకండు తరగతుల గ్రేడులనే గణించి, అధికాంకములను ఎనిమిది సెమిస్టర్లకు పరిమితము చేయును. అచ్చట ఎస్‌ఏటీ పరీక్షాంకములను అసలే చూడకుండుటచే గ్రేడులకు మఱింత ప్రాధాన్యము కలదు.

పండ్రెండవ తరగతిలో భారము దించుకొనవచ్చునని తలంచుటయు ప్రమాదమే. ఆ యేటి మొదటి సగపు గ్రేడులను కౌన్సెలరు శీతకాలమున కళాశాలలకు పంపును. కడపటి పట్టిక వేసవిలో చేరును. వసంతమున గ్రేడులు మిక్కిలి పడిపోయినచో, ఇచ్చిన సీటును వెనుకకు తీసికొను అధికారము కళాశాలకు కలదు.