ఒక శాతం కమీషన్‌కు మనకు ఏం రావాలి?

మా చెల్లెలు వాళ్లు రెండేళ్ల కిందట కూకట్‌పల్లి చుట్టుపక్కల పాత ఫ్లాటు కోసం తిరిగారు. నాలుగు నెలల్లో పద్దెనిమిది ఇళ్లు చూశారు, నలుగురు మధ్యవర్తులతో. ముగ్గురిది ఒకే పాట: ఈస్ట్ ఫేసింగ్, మంజీర నీళ్లు, మెట్రోకి పది నిమిషాలు. నాలుగో ఆయన మాత్రం తలుపు తాళం తీయకముందే, మెట్ల దగ్గరే నిలబడి ప్లాస్టిక్ ఫైలు విప్పాడు. అందులోంచి ఆస్తి మీది అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీసి ఒక ఎంట్రీ మీద వేలు పెట్టాడు. "అమ్మా, ఇది చూడండి. బ్యాంకులో తనఖా పెట్టినట్టు ఉంది, విడిపించినట్టు లేదు. కిందటి నెలే లోను కట్టేశామని ఓనరుగారు అంటున్నారు, నిజమే కావచ్చు. కానీ రిలీజ్ కాగితం చేతికి వచ్చేదాకా టోకెన్ ఇవ్వకండి" అన్నాడు.

టోకెన్ పడితేనే అతనికి కమీషన్ మీద భరోసా. ఆ టోకెన్‌నే వద్దన్నాడు. అంతేకాదు, ఓనరుగారికీ ఒక దారి చూపించాడు. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లోగా బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగి ఇచ్చి, రిజిస్ట్రీలో ఉన్న తనఖానూ తీసేయాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున అప్పు తీసుకున్నవారికి చెల్లించాలి. రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఈ నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ సంగతి ఓనరుకు తెలియదు, మధ్యవర్తికి తెలుసు. ఉత్తరం రాయించాడు, కాగితాలు వచ్చాయి, ఆ ఫ్లాటే కొన్నారు. కమీషన్ దగ్గర మా చెల్లెలు ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు.

కొనేవాళ్లు, అమ్మేవాళ్లు మధ్యవర్తి నుంచి కోరుకునేది ఇదేనని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. ఇళ్లు చూపించడం ఇప్పుడు ఫోను కూడా చేస్తుంది. మనకు తెలియనిది, తెలిస్తే మనం వెనక్కి తగ్గే అవకాశం ఉన్నది కూడా ముందే చెప్పే మనిషి కావాలి. అది ఎంత విలువైన పనో అంకెల్లో చూద్దాం.

కోటి రూపాయల పాత ఫ్లాటు తీసుకోండి. "బ్యాంకు 75 లక్షలు ఇస్తుంది, చేతిలో 25 లక్షలు ఉంటే చాలు" అని చాలామంది బయలుదేరతారు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 30 లక్షల నుంచి 75 లక్షల వరకు అయితే ఇంటి విలువలో 80 శాతం దాకా, 75 లక్షలు దాటితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. కాబట్టి కోటి ఇంటికి గరిష్ఠంగా 75 లక్షలు. ఇంతవరకు లెక్క సరే. కానీ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను బ్యాంకు ఆ విలువలో కలపదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 5, 1.5, 1, అక్కడా మొత్తం 7.5 శాతమే. అంటే ఏడున్నర లక్షలు. మధ్యవర్తికి వాడుకలో ఉన్న ఒక శాతం లెక్కన లక్ష. అతను జీఎస్‌టీలో నమోదై ఉంటే దానిమీద 18 శాతం, మరో 18 వేలు. 25 లక్షలు అనుకున్నది 33 లక్షల 68 వేలయింది. బ్యాంకు ఫీజులు, రంగులు, ప్లంబింగ్ ఇంకా కలపలేదు.

ఎనిమిదిన్నర లక్షలు దాటిన తేడా ఇది. అగ్రిమెంటు రాసుకున్నాక బయటపడితే ఆ ఇంట్లో నగలు తాకట్టుకు వెళతాయి, లేదా అడ్వాన్సు పోతుంది. మొదటి రోజు టీ తాగుతూ ఐదు నిమిషాల్లో చెప్పగలిగిన లెక్క. ఇల్లు చూపించకముందే ఈ లెక్క కాగితం మీద వేసి ఇచ్చే మధ్యవర్తి దొరికితే అతన్ని వదులుకోవద్దు.

కొత్త ఫ్లాటు విషయంలో చెప్పాల్సిన లెక్క వేరు. బ్రోచర్‌లో 1,500 చదరపు అడుగులు, అడుగు 7,000 అంటే కోటీ ఐదు లక్షలు. ఆ 1,500లో మెట్లు, లిఫ్టు, కారిడారు, క్లబ్‌హౌస్ వాటాలన్నీ ఉంటాయి. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) చెప్పిన కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీ కలపకుండా లోపల మనం వాడుకునే స్థలం. అది 1,050 అడుగులు తేలిందనుకోండి, మనం కడుతున్నది అడుగుకు 7,000 కాదు, 10,000. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ఈ రెండో అంకెతోనే పోల్చాలి. నిర్మాణంలో ఉన్న ఇంటికి జీఎస్‌టీ మామూలుగా 5 శాతం, అందుబాటు ధర ఇళ్ల కోవలోకి వస్తే 1 శాతం. నివాసయోగ్యతా పత్రం (ఓసీ) వచ్చాక అమ్మే ఇంటికి జీఎస్‌టీ లేదు. ఇదీ అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

హైదరాబాదులో కొనేవాళ్లు ఇప్పుడు మధ్యవర్తిని అడిగే ప్రశ్నల్లో చెరువు ముందుకొచ్చింది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక అది ప్రతి ఇంట్లో చర్చ అయింది. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువుకు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడని బఫర్. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులను వెబ్‌సైట్‌లో పెట్టింది. సర్వే నంబరు పట్టుకుని ఆ మ్యాపు తీసి చూపించడానికి మధ్యవర్తికి అరగంట పట్టదు. "పక్కవాళ్లు కట్టుకోలేదా సార్" అనేది జవాబు కాదు.

ఇక అమ్మేవాళ్ల సంగతి. వాళ్లు కోరేవి సరైన ధర, నమ్మదగిన కొనుగోలుదారు, చెప్పిన తేదీకి డబ్బు. ఇక్కడ ఒక శాతం లెక్కలోనే ఒక చిక్కు ఉంది, దాన్ని బాహాటంగా మాట్లాడుకోవాలి. మీ ఇంటికి కోటి ఆశిస్తున్నారు. ఇవాళ ఒక పార్టీ 95 లక్షలకు వచ్చింది. రెండు నెలలు ఆగితే కోటి వస్తుందనుకుందాం. ఆగడం వల్ల మీకు 5 లక్షలు మిగులుతాయి. మధ్యవర్తికి అదనంగా వచ్చేది 5 వేలు. ఆ 5 వేల కోసం అతను ఇంకో రెండు నెలలు తాళంచెవులు పట్టుకుని తిరగాలి, మధ్యలో వేరే బ్రోకరు ఆ బేరం తన్నుకుపోతే 95 వేలూ పోతాయి. "ఇచ్చేయండి సార్, ఈ పార్టీ పోతే మళ్లీ రాదు" అన్న మాట అక్కడే పుడుతుంది. అది చెడ్డతనం కాదు, శాతం కమీషన్ పనిచేసే తీరే అంత. కొనేవాళ్లవైపు ఇది తిరగబడుతుంది: ధర పెరిగితే వాళ్లిచ్చే కమీషనూ పెరుగుతుంది, ఇద్దరి దగ్గరా తీసుకునే మనిషి ఎవరి తరఫున బేరమాడినట్టు?

అందుకే ధర గురించి మాట కాదు, రుజువు అడగాలి. అదే అపార్టుమెంట్‌లో ఈ మధ్య అమ్ముడుపోయిన ఫ్లాట్ల ఈసీలు తీయిస్తే, దస్తావేజులో రాసిన ధర కనిపిస్తుంది. రాసిన ధర అసలు ధరకంటే తక్కువ ఉండొచ్చన్నది అందరికీ తెలిసిందే, అయినా గాలిలో చెప్పే "ఇక్కడ ఎనిమిది వేలు నడుస్తోంది" కంటే అది గట్టి ఆధారం. ఇంకొక మాట. ఇల్లు తొందరగా పోతుందని ఐదుగురు బ్రోకర్లకు చెబుతాం. ఐదుగురూ ఐదు ధరలు చెబుతారు. ఒకే ఫ్లాటు వాట్సాప్ గ్రూపుల్లో 92కీ, కోటీ రెండుకీ కనిపిస్తే కొనేవాడు 85 నుంచి బేరం మొదలెడతాడు. ఒక్కరికి, గడువు పెట్టి, రాసి ఇవ్వడమే మేలు.

అమ్మేవాళ్లకు మధ్యవర్తి తప్పక చెప్పాల్సిన పన్ను లెక్కలు కొన్ని ఉన్నాయి. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ మినహాయించుకునే డబ్బు ఇస్తారు. కోటిలో అది లక్ష. చేతికి 99 లక్షలే వచ్చాయేమిటని చివరి నిమిషంలో రిజిస్ట్రారు ఆఫీసులో గొడవపడేవాళ్లను చూశాను. అమ్మే మనిషి అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండే ఎన్నారై అయితే ఈ 1 శాతం, 50 లక్షల పరిమితి రెండూ వర్తించవు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, దానిపై సర్‌చార్జి, సెస్. మినహాయింపు తగ్గించమని ఆదాయపన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దానికి సమయం పడుతుంది కాబట్టి అగ్రిమెంటుకు ముందే చెప్పాలి. మన తెలుగు కుటుంబాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

నగదు గురించి కూడా చెప్పాలి. "60కి రాసుకుందాం, 40 చేతికి" అని సలహా ఇచ్చే మధ్యవర్తి ఇద్దరికీ హాని చేస్తున్నాడు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోకూడదన్న నియమం 2015 జూన్ 1 నుంచి ఉంది. తీసుకున్న మొత్తమంతా జరిమానాగా పడొచ్చు, అదీ తీసుకున్నవాళ్లకే. అమ్మినవాళ్లకు 40 లక్షల ముప్పు. కొన్నవాళ్లకు అప్పు 60 లక్షల మీదే లెక్కకడతారు, రేపు అమ్మినప్పుడు లాభం 40 లక్షలు ఎక్కువ కనిపించి పన్ను పెరుగుతుంది.

చట్టం మనకు ఎంత అండ? 2016లో వచ్చిన రెరా చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, 8 ఫ్లాట్లు దాటిన కట్టడమైనా ఆ ప్రాజెక్టు నమోదు కావాలి. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. ప్రీలాంచ్ ఆఫర్ పేరుతో తక్కువ ధర చెప్పి వసూలు చేసేది సరిగ్గా ఈ నిషేధాన్ని దాటడమే. అలాంటివి అమ్మిపెట్టే ఏజెంటూ తప్పు చేసినట్టే. చట్టాన్ని ఉల్లంఘించిన ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయల జరిమానా, ఇంటి ఖరీదులో 5 శాతం దాకా. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఏజెంటుకు కూడా సొంత రెరా నంబరు ఉండాలి, తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ దాన్ని చూపాలి.

అయితే ఒక పెద్ద ఖాళీ ఉంది. ఏజెంటు నమోదు తప్పనిసరి అన్నది రెరా ప్రాజెక్టుల్లో బిల్డరు అమ్మే ఇళ్లకే. మా చెల్లెలు కొన్నట్టు ఒకరి పాత ఫ్లాటు ఇంకొకరు కొనే బేరంలో మధ్యవర్తికి రెరా నమోదు అక్కర్లేదు. కమీషన్ ఇంతేనని కూడా ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు. ఎక్కువ కుటుంబాలు జీవితాంతం కూడబెట్టిన డబ్బు మారేది ఇలాంటి బేరాల్లోనే. ఆ ఖాళీని ప్రభుత్వాలు పూరించాలి. అప్పటిదాకా మన రక్షణ మనం రాసుకునే కాగితమే.

అమెరికాలో ఈ పాఠం కోర్టు దాకా వెళ్లి నేర్చుకున్నారు. అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం కమీషన్ల కేసులో 2024లో 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి, సంఘం నిబంధనల కింద పనిచేసే ఏజెంటు ఇల్లు చూపించే ముందే కొనేవారితో ఫీజు ఎంతో రాసి సంతకం చేయించుకోవాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు వెతుక్కుంటున్న మన పిల్లలు ఇప్పుడు ఆ కాగితం మీద సంతకం పెట్టాకే తలుపులు తీయించుకుంటున్నారు.

మనం ఆ పని చట్టం వచ్చేదాకా ఆగకుండా చేయొచ్చు. ఒక్క తెల్లకాగితం చాలు. కమీషన్ ఎంత, రెండోవైపు నుంచి కూడా తీసుకుంటున్నాడా, ఏ కాగితాలు తెచ్చిస్తాడు అన్నవి అందులో రాయండి. లక్ష కమీషన్ అయితే 25 వేలు అగ్రిమెంటు రోజు, 50 వేలు రిజిస్ట్రేషన్ రోజు, మిగిలిన 25 వేలు ఇంటి పన్ను, కరెంటు మీటరు మీ పేరు మీదికి మారాక ఇస్తామని రాయండి. మంచి మధ్యవర్తి దీనికి ఒప్పుకుంటాడు, మా చెల్లెలి ఫ్లాటు కుదిర్చినాయన ఒప్పుకున్నాడు. టోకెన్ చేతిలో పెట్టకముందే ఆ సంతకం తీసుకోండి.